కజన్లక్ సమాధి: మూసి ఉంచిన తలుపు పక్షాన

బల్గేరియా నడిబొడ్డున ఉన్న కజన్లక్ పట్టణానికి వెళ్ళి, అక్కడి ప్రాచీన థ్రేసియన్ సమాధిని చూసి వచ్చామని చెప్పే యాత్రికులలో చాలామంది నిజానికి చూసేది ఆ సమాధికి దగ్గరలో కట్టిన నకలును. అసలు సమాధి అదే గుట్ట మీద, దాని రక్షణ కోసమే కట్టిన భవనంలో, గాలినీ తేమనూ అదుపులో ఉంచిన వాతావరణంలో ఉంటుంది. ఈ సంగతి ముందుగా తెలియక లోపలికి వెళ్ళినవారిలో కొందరు బయటికి వచ్చాక మోసపోయినట్టు బాధపడటం నేను అక్కడ విన్నాను. తిరిగి వచ్చాక మిత్రులు కూడా, అంత దూరం వెళ్ళి నకలును చూసి రావడమేమిటని అడిగారు. ఆ ప్రశ్నకు నోటిమాటగా ఇచ్చిన జవాబు నాకు తృప్తినివ్వలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. గచ్చు మీద రంగులు వేసిన ఇలాంటి సమాధుల తలుపు మూసే ఉంచాలనీ, ఆ నియమానికి డబ్బు వల్ల గాని హోదా వల్ల గాని మినహాయింపు ఉండకూడదనీ, నకలులో నిలబడి గడిపిన సమయాన్ని తక్కువ రకం దర్శనంగా లెక్కగట్టకూడదనీ నా వాదన.

థ్రేసియన్ల గురించి తెలుగులో పెద్దగా రాయలేదు కనుక కొంత చెప్పాలి. నేటి బల్గేరియా, ఈశాన్య గ్రీసు, టర్కీలోని ఐరోపా భాగం వారి నివాసభూమి. రోము మీద తిరగబడిన బానిసవీరుడు స్పార్టకస్ ఆ జాతివాడే. గ్రీకుల కథల్లోని గాయకుడు ఆర్ఫియస్‌ది కూడా థ్రేసే. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వారిని గురించి రాస్తూ, లోకంలో భారతీయుల తరువాత అందరికంటే పెద్ద జాతి వారేననీ, వారందరూ ఒక్క మాట మీద నిలబడితే వారిని ఎదిరించగలవారు ఉండరనీ, కానీ అలా నిలబడటం వారి వల్ల కాదనీ అన్నాడు. వారు తమ చరిత్రను తాము రాసుకోలేదు. గ్రీకు లిపిలో చెక్కించిన కొద్ది శాసనాలు, ఉంగరాల మీద, వెండి పాత్రల మీద ఉన్న పేర్లు తప్ప వారి మాట మనకు చేరలేదు. ఇరుగుపొరుగువారి రాతలనూ, వారి సమాధులనూ పక్కపక్కన పెట్టుకుని చదవడం ఒక్కటే మనకున్న దారి. వారి సమాధుల గోడల మీద మిగిలిన ప్రతి రంగు మరకకూ ఇంత విలువ రావడానికి కారణం ఇదే.

ఉత్తరాన బాల్కన్ పర్వతాలకూ దక్షిణాన స్రెద్నా గోరా కొండలకూ నడుమ ఉన్న కజన్లక్ లోయ నేడు గులాబీ తోటలకు, గులాబీ నూనెకు ప్రసిద్ధి. ఆ తోటల మధ్య, పొలాల మధ్య, రోడ్డు పక్కన ఎక్కడ చూసినా గుండ్రటి మట్టిదిబ్బలు కనిపిస్తాయి. ఆ ప్రాంతంలో అలాంటివి వెయ్యికి పైగా ఉంటాయని అంచనా. వాటిలో చిత్రాలున్న ఈ సమాధి మాత్రం పండితుల వెతుకులాటలో దొరికినది కాదు. రెండవ ప్రపంచయుద్ధంలో మిత్రరాజ్యాల విమానాలు బల్గేరియా మీద బాంబులు వేస్తున్న రోజుల్లో, 1944 ఏప్రిల్ 19న, విమానాల రాకను కనిపెట్టే స్థావరం కోసం పట్టణపు అంచున ఉన్న త్యుల్‌బెటో గుట్ట మీద సైనికులు మట్టి తవ్వుతుండగా ఇటుక కట్టడం బయటపడింది. దొంగలు ఆ సమాధిలోకి ప్రాచీనకాలంలోనే దిగి వెళ్ళారు. విలువైనవాటిలో చాలా భాగం పోయినా, గోడలను మోసుకుపోవడం వారి వల్ల కాలేదు కనుక చిత్రాలు దక్కాయి. క్రీ.పూ. 4వ శతాబ్దం చివర గాని, 3వ శతాబ్దం మొదట గాని కట్టిన ఈ సమాధిని యునెస్కో 1979లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు ముందే, 1974లో, నకలు సందర్శకులకు సిద్ధమైంది.

కట్టడం చిన్నది. ముందు ఒక చిన్న గది, తరువాత ఒక మనిషి మాత్రమే సుఖంగా నడవగలిగే ఇరుకైన నడవ, దాని చివర గంట ఆకారంలో పైకి సన్నబడుతూ పోయే గుండ్రటి గది. ఆ గది అడుగున వ్యాసం సుమారు 2.65 మీటర్లు, ఎత్తు సుమారు 3.25 మీటర్లు. అంటే మధ్యతరగతి ఇంట్లోని పడకగది కంటే కూడా చిన్నది. ఈ కొలతలను పాఠకులు గుర్తుంచుకోవాలి, నా వాదనలో సగం వీటి మీదే నిలబడి ఉంది.

నడవ గోడల పైభాగంలో యోధుల గుంపులు ఎదురెదురుగా ఉంటాయి. గుండ్రటి గదిలో తల పైకెత్తితే గుమ్మటపు కొసకు దగ్గరగా మూడు రథాలు, ఒక్కొక్క దానికి రెండేసి గుర్రాలు, గుండ్రంగా పరుగెత్తుతుంటాయి. ఆ వలయానికి మొదలూ చివరా లేకపోవడం వల్ల ఎవరు ముందున్నారో ఎవరు వెనుకబడ్డారో తేలదు. వాటి కింద ఎద్దుతలలు, పూల చక్రాలు ఉన్న సన్నటి పట్టీ. దాని కింద ప్రధాన చిత్రం. మధ్యలో చిన్న బల్ల, దానికి ఒక పక్క తల మీద ఆకుల దండ ధరించిన పురుషుడు, మరొక పక్క ఎత్తైన కుర్చీలో తల కొద్దిగా వంచి కూర్చున్న స్త్రీ. ఆమె పక్కగా పండ్ల పళ్ళెం పట్టుకున్న పొడవాటి స్త్రీమూర్తి, పరిచారికలు, బాకా ఊదుతున్న స్త్రీలు, గుర్రాలను పట్టుకుని నడిపిస్తున్న సేవకులు వరుసగా గోడంతా చుట్టి వస్తారు. వాడినవి ప్రధానంగా నలుపు, ఎరుపు, పసుపు, తెలుపు, ఈ నాలుగు రంగులే. ఇంత తక్కువ రంగులతో పురుషుడి మేనిఛాయకూ స్త్రీ మేనిఛాయకూ తేడా చూపి, గుర్రాల మెడల మీద వెలుగునీడలు పలికించి, వంపు తిరిగిన గోడ మీద బొమ్మలు సాగిపోకుండా నిలబెట్టిన ఆ చిత్రకారుడి పేరు మనకు మిగలలేదు.

ఆ స్త్రీ పురుషులిద్దరూ ఒకరి ముంజేతిని ఒకరు పట్టుకుని ఉంటారు. కజన్లక్ సమాధి పేరు చెప్పగానే అందరూ చూపించే భాగం ఇదే. పోస్టుకార్డుల మీద, పర్యాటక పుస్తకాలలో దీనిని దాంపత్య ప్రేమకు, స్త్రీ పురుష సమానత్వానికి గుర్తుగా వర్ణిస్తారు. నకలులో ఆ చిత్రం ముందు చాలాసేపు నిలబడిన నాకు అది అంత సూటిగా అనిపించలేదు. ఆమె ముఖంలో విందుకు తగిన సంతోషం లేదు. కళ్ళు కిందికి వాలి ఉన్నాయి, వంగిన మెడలో అలసటో దుఃఖమో ఏదో ఉంది. అతడి చూపు ఆమె వైపు ఉంది గాని ఆమె చూపు అతడిని చేరడం లేదు. పండ్ల పళ్ళెం పట్టుకున్న మూర్తిని పరిచారికగా కాక దేవతగా భావించేవారు ఉన్నారు. మొత్తం దృశ్యాన్ని శవసంస్కారానికి సంబంధించిన విందుగా, పరలోకంలో జరిగే పునస్సమాగమంగా, పెళ్ళిగా కూడా చదివినవారు ఉన్నారు.

ఇక్కడ హెరొడోటస్ మళ్ళీ గుర్తుకు వస్తాడు. క్రెస్టోనియన్లు అనే జనం ఉన్న చోటికి ఎగువన నివసించే ఒక థ్రేసియన్ తెగలో, పురుషుడు చనిపోయినప్పుడు అతడి భార్యలలో ఎవరిని అతడు ఎక్కువగా ప్రేమించాడన్న వివాదం జరుగుతుందనీ, గెలిచిన భార్యను అందరూ పొగిడి, ఆమె దగ్గరి బంధువే సమాధి మీద ఆమెను చంపి భర్తతో పాటు పూడ్చిపెడతారనీ, మిగిలిన భార్యలు దానిని అవమానంగా భావిస్తారనీ అతడు రాశాడు. కజన్లక్ సమాధిలో దొరికిన ఎముకలు స్త్రీ పురుషులిద్దరివి. తెలుగునాట ఊరి చివర నిలబెట్టిన సతిశిలలను చూసినవారికి, వాటి మీద గాజులతో పైకెత్తిన స్త్రీ ముంజేయి ఎలా చెక్కి ఉంటుందో తెలుసు. ఆ రాళ్ళను చూస్తూ పెరిగిన నేను, ఒక సమాధి గోడ మీద భర్త చేతిలో ఉన్న భార్య ముంజేతిని చూసి, వెంటనే ప్రేమ అని సంతోషించలేకపోయాను.

అయితే హెరొడోటస్ మాటను తెచ్చి ఈ గోడకు అతికించడం కూడా తొందరపాటే అవుతుంది. అతడు ఆ ఆచారాన్ని థ్రేసియన్లందరికీ ఆపాదించలేదు, ఒక తెగకే చెప్పాడు. ఆ తెగ ఉన్న చోటు ఈ లోయకు చాలా దూరం. అతడి కాలానికీ ఈ సమాధికీ మధ్య వంద సంవత్సరాలకు పైగా గడిచాయి. ఇద్దరూ ఒకేసారి పోయారా, ఒకరి తరువాత ఒకరిని ఇక్కడ చేర్చారా అన్నది చిత్రం చెప్పదు. ప్రేమ అన్న అర్థం, బలి అన్న అర్థం రెండూ తలుపు దగ్గరే నిలిచి ఉన్నాయి. చరిత్రను పోస్టుకార్డు మాటలకు వదిలేయకుండా ఆ రెంటినీ మనసులో పెట్టుకుని చిత్రాన్ని మళ్ళీ మళ్ళీ చూడటం ఒక్కటే మనం చేయగలిగిన న్యాయమైన పని. అలా చూడటానికి సమయం కావాలి. ఒకసారి దూరం నుంచి, ఒకసారి దగ్గరగా, ఒకసారి గుర్రాల వరుసను ముగించి తిరిగి ఆ చేతుల దగ్గరికి వచ్చి చూడాలి. పక్కనున్నవారితో వాదించాలి. పిల్లలకు ఎత్తి చూపించాలి. ఈ పనులన్నీ నకలులో చేయవచ్చు. అసలు గదిలో ఎవరినైనా అనుమతించినా, ఆ అనుమతి నిమిషాలలో ఉంటుంది, ఉండాలి కూడా.

అలా ఎందుకుండాలో గది కొలతలే చెబుతాయి. ఊరికే నిలబడి ఉన్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని వదులుతుంది. ఊపిరి ద్వారా, చర్మం ద్వారా గంటకు కొన్ని పదుల గ్రాముల నీటి ఆవిరి గాలిలో కలుస్తుంది. మనం వదిలే ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు సుమారు 4 శాతం, బయటి గాలిలో ఉండేది 0.04 శాతం. పదిమంది ఆ చిన్న గుండ్రటి గదిలో నిలబడితే, వెయ్యి వాట్ల పొయ్యి వెలిగించి, దాని మీద నీళ్ళు మరిగించినట్టే. ఆ తేమ చల్లటి గోడ మీద చేరుతుంది, గచ్చులోకి ఇంకుతుంది, అక్కడి లవణాలను కరిగించుకుంటుంది. జనం బయటికి వెళ్ళాక గాలి పొడిబారుతుంది, నీరు పైకి వచ్చి ఆవిరవుతుంది, లవణాలు రంగుపొర వెనుక స్ఫటికాలుగా గట్టిపడి ఆ పొరను బయటికి నెడతాయి. ఇది ఒక్క రోజులో కంటికి కనిపించే నష్టం కాదు. తేమ ఎక్కడం, తగ్గడం అన్న చక్రం వేల సార్లు తిరిగాక ఒకనాడు రంగు రేకులుగా రాలుతుంది. దీనికి తోడు దీపాల వెలుగు పడిన చోట నాచు పుడుతుంది, బూట్ల మట్టితో, బట్టల పోగులతో వచ్చిన బీజాల నుంచి బూజు మొలుస్తుంది. చిత్రానికి హాని చేయాలన్న ఉద్దేశం ఎవరికీ లేకపోయినా, అక్కడ ఊపిరి తీసుకుంటే చాలు హాని జరుగుతుంది.

ఊహాజనితమైన భయం కాదిది. ఫ్రాన్సులోని లాస్కో గుహలో చరిత్రపూర్వపు చిత్రాలు 1940లో బయటపడ్డాయి. 1948లో జనానికి తెరిచారు. రోజుకు వెయ్యికి పైగా సందర్శకులు రావడంతో గోడల మీద పచ్చటి నాచు, ఆ తరువాత తెల్లటి సున్నపు పొర కనిపించాయి. 1963లో గుహను మూసివేశారు. మూసిన తరువాత కూడా ఆ గుహ పూర్తిగా కోలుకోలేదు. ఈ శతాబ్దం మొదట్లో అక్కడ కొత్త బూజు వ్యాపించి నిపుణులను కలవరపెట్టింది. 1983 నుంచి జనం చూస్తున్నది దగ్గరలో కట్టిన నకలును, 2016లో మరింత సమగ్రమైన నకలు వచ్చింది.

జపానులోని తకమత్సుజుక సమాధి కథ నా దృష్టిలో ఇంకా బలమైన సాక్ష్యం, ఎందుకంటే అక్కడ సామాన్య సందర్శకుల తప్పు ఏమీ లేదు. 1972లో ఆ చిన్న రాతిగదిలో స్త్రీ పురుషుల, దిక్పాలక మృగాల, నక్షత్రాల చిత్రాలు దొరికాయి. మొదటి నుంచే దానిని మూసి ఉంచి, పరిశీలనకు, సంరక్షణకు నిపుణులను మాత్రమే పంపారు. అయినా బూజు పట్టింది, చిత్రాలు దెబ్బతిన్నాయి. చివరికి 2007లో ఆ గది రాళ్ళను ఒక్కొక్కటిగా విడదీసి బయటికి తీసుకువెళ్ళి చికిత్స చేయవలసి వచ్చింది. శాస్త్రం తెలిసినవారు, జాగ్రత్తగా, అవసరం మేరకే అడుగుపెట్టినా ఫలితం అది. అదే జపాన్ ప్రభుత్వం తరువాత బల్గేరియాలో మరొక థ్రేసియన్ సమాధికి ఆర్థిక సాయం చేసింది. హస్కొవొ దగ్గరి అలెక్సాంద్రొవొ గ్రామంలో 2000 డిసెంబరులో వేట దృశ్యాలతో దొరికిన ఆ సమాధిని మూసి ఉంచి, 2009లో పక్కనే నకలుతో సహా ప్రదర్శనశాలను తెరిచారు. అడవిపంది మీద దూకుతున్న కుక్కలను, గుర్రం మీది వేటగాడిని జనం ఇప్పుడు అక్కడే చూస్తారు. కజన్లక్ చేసిన పనినే ముప్ఫై అయిదేళ్ళ తరువాత మరింత మంచి సౌకర్యాలతో చేశారని నాకు అనిపిస్తుంది.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం నాకు తెలుసు, దానిని తేలికగా తీసుకోను. ఆ చిత్రకారుడి చెయ్యి తాకిన గోడ వేరు, ఎవరో కొలతలు తీసుకుని గీసిన గోడ వేరు. రెండువేల మూడువందల సంవత్సరాల కిందటి వస్తువు సన్నిధిలో ఉండటం ఒక అనుభవం, దానికి సమాచారం సాటి రాదు. ఈ మాట నిజమే. ఆ అనుభవం నాకు కజన్లక్ లోయలోనే, షిప్కా పట్టణం దగ్గరి గొల్యామా కొస్మాత్కా దిబ్బలో దొరికింది. 2004లో పురావస్తు శాస్త్రవేత్త గెయోర్గి కితోవ్ బృందం తెరిచిన ఆ సమాధి థ్రేసియన్లలోని ఒద్రిసియన్ తెగ రాజు మూడవ సెవ్తెస్‌దని, అక్కడి శిరస్త్రాణం మీద, వెండి పాత్రల మీద ఉన్న అతడి పేరును బట్టి భావిస్తున్నారు. అలెగ్జాండర్ సేనానులలో ఒకడైన లైసిమకస్‌తో పోరాడిన రాజు అతడు. సుమారు 13 మీటర్ల నడవ, గుర్రం అస్థిపంజరం దొరికిన ముందుగది, ఎత్తైన గుమ్మటం ఉన్న గుండ్రటి గది, ఆ తరువాత ఒకే పెద్ద గ్రానైట్ బండను తొలిచి చేసిన గది. ఆ బండ బరువు 60 టన్నుల దాకా ఉంటుందంటారు. పాలరాతి తలుపు రెక్కల మీద సూర్యదేవుడి ముఖం, మెడూసా ముఖం చెక్కి ఉన్నాయి. ఆ బండ కింద తలవంచి నిలబడినప్పుడు కలిగే భారాన్ని, చల్లదనాన్ని ఏ నకలూ ఇవ్వలేదు. ఇవ్వనక్కర కూడా లేదు, ఎందుకంటే ఆ గ్రానైట్ మన ఊపిరిని తట్టుకుంటుంది, అక్కడ రాలిపోయే చిత్రాలు లేవు. అక్కడి వస్తువులలో పాడైపోయేవి, విలువైనవి ముందే ప్రదర్శనశాలలకు చేరాయి. సమాధి ముఖద్వారానికి ఎదురుగా పూడ్చిపెట్టి ఉంచిన రాజు కంచు శిరస్సు, దాని గడ్డం వెంట్రుకలు, గాజూ చలవరాయీ పొదిగిన కళ్ళు చూడాలంటే సోఫియాకు వెళ్ళాలి.

అందుచేత నేను చెప్పేది అన్ని సమాధులనూ మూసెయ్యమని కాదు. ఏ పదార్థం మనల్ని ఎంతవరకు భరిస్తుందో చూసి దానికి తగిన నియమం పెట్టమంటున్నాను. ఈ కొలమానానికి కష్టమైన పరీక్ష ఈశాన్య బల్గేరియాలోని స్వెష్తారి. 1982లో గీనినా మొగిలా అనే దిబ్బలో దొరికిన ఆ సమాధిగదిలో గోడ చుట్టూ పది స్త్రీమూర్తులు చేతులు పైకెత్తి కప్పును మోస్తున్నట్టు నిలబడి ఉంటాయి. నడుము కింద వస్త్రం ఆకుల మడతలుగా మారి, సగం మనిషి సగం మొక్క అనిపిస్తాయి. ఒక ముఖానికి మరొక ముఖంతో పోలిక లేదు, చేతుల పరిమాణం కూడా ఒక్కతీరుగా ఉండదు. వాటి మీద అక్కడక్కడా రంగు మిగిలి ఉంది, పైన గోడ మీద గుర్రపురౌతుకు దేవత దండ అందిస్తున్న చిత్రం గీతల దశలోనే ఆగిపోయింది. పని ముగియకముందే రాజు పోయాడేమోనని ఆ గీతలను చూసినవారికి అనిపించక మానదు. 1985లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ సమాధిలోకి చిన్న చిన్న బృందాలుగా జనాన్ని పంపుతారు. చెక్కిన రాతి మూర్తుల మధ్య నిలబడటం గొప్ప అనుభవమని ఒప్పుకుంటూనే, ఆ రాయి మెత్తని సున్నపురాయి అనీ, దాని మీది రంగు కజన్లక్ రంగు కంటే గట్టిదేమీ కాదనీ నేను గుర్తు చేస్తాను. కొలిచి చూసిన తేమ లెక్కలు హెచ్చరించిన రోజున ఆ తలుపును కూడా మూయడానికి వెనుకాడకూడదు.

ఇలాంటి వాదన వినగానే, చనిపోయినవారి ప్రశాంతతను భంగపరచకూడదన్న మాట కొందరు జోడిస్తారు. నేను దాని మీద ఆధారపడను. ఈ గదులను ఒకసారి మూసి శాశ్వతంగా మరిచిపోయారని చెప్పలేము. కొన్ని థ్రేసియన్ సమాధులలోకి తరువాతి కాలంలో మళ్ళీ ప్రవేశించిన ఆనవాళ్ళు ఉన్నాయి. కొన్ని కట్టడాలు రాజు బ్రతికి ఉన్నప్పుడే పూజలకు వాడిన ఆలయాలని కితోవ్ గట్టిగా నమ్మాడు, ఆ నమ్మకంతో విభేదించినవారూ ఉన్నారు. దిబ్బలను తొలగించడానికి భారీ యంత్రాలను వాడాడని అతడి మీద తీవ్ర విమర్శ వచ్చింది. తాను ఆలస్యం చేస్తే దోపిడీదారులు ముందు చేరుతారన్నది అతడి వైపు వాదన. ఆ దోపిడీ వాస్తవం, బల్గేరియాలో రాత్రివేళ దిబ్బలను తొలిచి బంగారాన్ని విదేశాలకు దాటించే ముఠాల సమస్య దశాబ్దాలుగా ఉంది. అయినా నేను యంత్రాల పక్షాన నిలబడలేను, ఎందుకంటే దిబ్బలోని మట్టిపొరల క్రమం కూడా సాక్ష్యమే, అది ఒకసారి చెదిరితే దానికి నకలు చేయడం ఎవరి వల్లా కాదు. మృతుల హక్కు సంగతి ఎలా ఉన్నా, ఇంకా పుట్టని చూపరుల హక్కు నాకు స్పష్టంగా కనిపిస్తుంది. మనకంటే మెరుగైన పరికరాలతో, మనకు తట్టని ప్రశ్నలతో వారు ఆ గోడ దగ్గరికి వస్తారు. అప్పటికి గోడ మీద రంగు ఉండాలి.

ఎక్కువ రుసుము చెల్లించినవారిని, అతిథులుగా వచ్చిన పెద్దలను మాత్రం లోపలికి పంపే పద్ధతి ఏ దేశంలో ఉన్నా నేను దానిని ఒప్పుకోను. ఆ డబ్బు సంరక్షణకే ఖర్చవుతుందని చెప్పినా ఒప్పుకోను. సంపన్నుడి ఊపిరిలో తేమ తక్కువ ఉండదు. జనం అందరికీ నకలు చాలునని ఒక పక్క చెబుతూ, మరొక పక్క కొందరికి అసలును చూపిస్తే, నకలు చాలదని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది. నియమాన్ని నమ్మినవారు దానిని అందరికీ ఒకేలా వర్తింపజేయాలి. సంరక్షకులకు, పరిశోధకులకు అవసరం మేరకు వెళ్ళక తప్పదు, ఆ అవసరాన్ని కూడా తకమత్సుజుక అనుభవం చూసి వీలైనంత తగ్గించుకోవాలి.

నకలు విలువను నాకు బాగా అర్థం చేయించినది, ఆ సమాధికి కొద్ది కిలోమీటర్ల దూరంలో నీటి కింద ఉన్న సెవ్తొపొలిస్. మూడవ సెవ్తెస్ తన పేరుతో కట్టుకున్న ఆ రాజధాని, 1948లో ఆనకట్ట పనులలో బయటపడింది. 1954 దాకా హడావిడిగా తవ్వి, వీధులు, కోటగోడ, రాజభవనం కొలతలు తీసుకుని, దొరికిన శాసనాన్నీ వస్తువులనూ తరలించి, చివరికి ఊరిని కొప్రింకా జలాశయానికి వదిలేశారు. ఆ జలాశయం ఒడ్డున నిలబడిన తెలుగువాడికి నాగార్జునకొండ గుర్తుకు రాకుండా ఉండదు. ఇక్ష్వాకుల విజయపురిని కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే, 1954 నుంచి 1960 వరకు, సాగర్ ఆనకట్ట నీరు రాకముందే తవ్వి ముగించవలసి వచ్చింది. అయితే మనవారు కొన్ని కట్టడాలను ఇటుకా రాయీ తీసి కొండ మీద, అనుపులో తిరిగి నిలబెట్టారు. బల్గేరియాలో నీటి మధ్య వలయాకారపు గోడ కట్టి ఆ నగరాన్ని మళ్ళీ బయటపెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది గాని అది ఇంకా కాగితం మీదే ఉంది. ఆ రెండు ఊళ్ళ గురించి మనకు ఈనాడు తెలిసినదంతా అప్పటివారు ఓపికగా గీసిన పటాల వల్ల, రాసిన పుస్తకాల వల్ల, తీసిన ఫొటోల వల్ల తెలిసినదే. కజన్లక్ నకలు కూడా అలాంటి పత్రమే, కాకపోతే లోపలికి నడిచి వెళ్ళి చదవగలిగిన పత్రం.

ఈ విషయంలో హైదరాబాదుకు సొంత అనుభవం ఉంది. అజంతా గుహలు ఒకప్పుడు నిజాం రాజ్యంలోనివి. వాటి చిత్రాలను కాపాడాలన్న మంచి ఉద్దేశంతో 1920లలో ఇటలీ నుంచి నిపుణులను రప్పించారు. వారు పైన పూసిన లక్క వార్నిష్ కాలక్రమేణా పసుపుబారి, నల్లబడి, రంగులను కప్పేసింది, దానిని తొలగించడానికి తరువాతి తరాలవారు శ్రమపడవలసి వచ్చింది. అదే ప్రభుత్వం సయ్యద్ అహ్మద్ వంటి చిత్రకారుల చేత ఆ చిత్రాలకు ప్రతులు కూడా గీయించింది. పబ్లిక్ గార్డెన్స్‌లోని ప్రదర్శనశాలలో అజంతా ప్రతుల విభాగంలో నిలబడితే, గుహలో నేడు మసకబారిన గీతలు కొన్ని అక్కడ ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. అసలుకు మేలు చేయబోయిన చెయ్యి హాని చేసింది, పక్కన కూర్చుని గీసిన చెయ్యి ఏ హానీ చేయకుండా సాక్ష్యాన్ని మిగిల్చింది. అయితే ప్రతులకు కూడా రక్షణ కావాలి. బ్రిటిష్ సైనికాధికారి, చిత్రకారుడు రాబర్ట్ గిల్ ఏళ్ళ తరబడి గీసిన అజంతా ప్రతులలో చాలా భాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి.

కనుక నకలు కట్టేవారి నుంచి నేను ఆశించేది కూడా ఎక్కువే. ఏ సంవత్సరం నాటి స్థితిని గీశారో, ఎవరు గీశారో, అసలు గోడ మీద రాలిపోయిన చోట్లను ఉన్నవి ఉన్నట్టు చూపించారో ఊహించి పూరించారో గోడ పక్కనే రాసి ఉండాలి. అసలు గదిలోని తేమ, ఉష్ణోగ్రత ఈ రోజు ఎంత ఉన్నాయో అక్కడే అంకెలలో కనిపించాలి, ఎందుకు మూశారో అప్పుడు పదేళ్ళ పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. ఆ చేతుల చిత్రానికి ప్రేమ అన్న ఒక్క అర్థమే కాక, హెరొడోటస్ చెప్పిన మాట కూడా, దానికి ఉన్న పరిమితితో సహా, వివరణలో చోటు చేసుకోవాలి.

కజన్లక్ వెళ్ళాలనుకునే తెలుగువారికి నేను చెప్పే క్రమం ఇది. ముందు నకలులోకి వెళ్ళి తొందరపడకుండా చిత్రాలన్నీ చూడండి. తరువాత పట్టణంలోని ఇస్క్రా ప్రదర్శనశాలలో సమాధుల నుంచి, సెవ్తొపొలిస్ నుంచి వచ్చిన వస్తువులను చూడండి. ఆ పైన షిప్కా వైపు వెళ్ళి గొల్యామా కొస్మాత్కాలో రాతి గదులలో నిలబడండి. దారిలో కొప్రింకా జలాశయం దగ్గర కాసేపు ఆగవచ్చు. స్వెష్తారి దేశానికి మరొక మూల ఉంది, దానికి వేరే రోజు కేటాయించుకోవాలి.